కొత్తవాడ నూలు జంపఖానా: ఏ సైజు కొనాలి, ఎట్లా చూసి కొనాలి, ఎట్లా ఉతకాలి

కొత్తవాడ వరంగల్‌లో జంపఖానాలు నేసే పేట. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఆ పేరు చూసి కొనేకంటే, ఇంట్లో దానికి పనుందా లేదా చూసుకుని కొనడం మంచిది. నేల మీద కూర్చుని తినే ఇంటికి, పిల్లలు కింద పడి రాసుకునే ఇంటికి ఇది ఏండ్ల తరబడి పనికొస్తుంది. సోఫా ముందు అందానికైతే అంత డబ్బు దండగ.

సైజు మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు చాలు. హాలంతా పరిచేది పొడిగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, తడిస్తే మాత్రం ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. చాలా ఇండ్లలో పెద్ద జంపఖానా ఉతుకు మొహం చూడక, దుమ్ము పట్టి అటకెక్కేది అందుకే. చిన్నవి రెండు కొంటే ఒకటి ఆరేలోపు ఇంకోటి వాడుకోవచ్చు. కొత్త నూలు మొదటి ఉతుకులో రెండు మూడు అంగుళాల దాకా కుంచించుకుపోవచ్చు, కొలత కొంచెం ఎక్కువే చూసుకోండి.

కొనేముందు కుచ్చుల నుంచి ఒక పోగు అడిగి తీసుకుని, బయటికొచ్చి అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసనొస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. కరిగి నల్లటి గట్టి పూసలా ముడుచుకుంటే పాలిస్టర్ కలిసినట్టే. అయితే కుచ్చులంటే పడుగు (నిలువు పోగుల) కొసలే, పేక (అడ్డం పోగుల) సంగతి వాటితో తేలదు. చివర్లో వేలాడుతున్న పేక పోగు దొరికితే అదీ చూడాలి. తర్వాత బొటనవేలి గోరుతో పేకను పక్కకు నెట్టండి. కదిలిందంటే నేత వదులు, నాలుగు నెలలకే కాలి వేళ్లు ఇరుక్కుంటాయి. ఎరుపు, నలుపు రంగుల మీద తడి తెల్లగుడ్డ రుద్ది చూడటం మరవద్దు.

నేతలోనే డిజైన్ వచ్చినదానికి రెండు వైపులా పని ఉంటుంది, తిప్పి పరుచుకుంటే అరుగుదల సగం సగం పంచుకుంటుంది. పైన అచ్చు వేసినవి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ ఆ సౌకర్యం ఉండదు. రోజువారీ వాడకానికైతే నేత డిజైన్‌కే మా ఓటు.

మొదటిసారి చన్నీళ్లలో, విడిగా ఉతకాలి. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందంటారు. అద్దకం సరిగ్గా లేకపోతే ఉప్పు చేసేదేం లేదు. మామూలు మెషీన్‌లో వేస్తే నీళ్లు పీల్చి ఒక పక్కకు చేరి డ్రమ్ము కొట్టుకుంటుంది, బాత్రూమ్‌లో పరిచి కాళ్లతో తొక్కడమే నయం. పిండొద్దు, చుట్టగా చుట్టి నిలబెడితే నీళ్లు అవే కారిపోతాయి. ఒక్క తాడు మీద వేస్తే బరువుకు నడుమ సాగుతుంది. రెండు తాళ్ల మీద గానీ గోడ మీద గానీ, నీడలో ఆరేయాలి. వానకాలంలో చెమ్మతో మడిస్తే బూజు ఖాయం.

పప్పుచారు ఒలికితే సబ్బు తగలగానే పసుపు మరక ఎర్రగా మారుతుంది. కంగారు పడి బ్రష్షుతో గీకితే పోగు లేస్తుంది. సబ్బు కడిగేసి, ఆ ఒక్క చోట ఎండ తగిలేలా పెడితే మెల్లగా వెలిసిపోతుంది. పసుపు ఎండకు నిలవదు.

అసలు లోపం జారడం. టైల్స్, గ్రానైట్ మీద పెద్దవాళ్లు అడుగు వేస్తే కాలి కింద కదులుతుంది. నడిచే దారిలో పరవకండి, తప్పదంటే అడుగున రబ్బరు జాలీ వేయండి. సన్న దుమ్ము నేతలోంచి కిందికి దిగుతుంది కాబట్టి దులిపినప్పుడల్లా కింద నేల కూడా ఊడవాల్సిందే.

ఇంట్లో ప్లాస్టిక్ చాప ఉంటే దాన్ని పారేసి ఇది కొనక్కర్లేదు. తేలిక, చవక, గుడ్డతో తుడిస్తే చాలు. పసిపిల్లలున్న ఇంట్లో అది వాడేవాళ్లను తప్పుపట్టే పనే లేదు. డాబా మీద ఎండలో మాత్రం వేయొద్దు, పెళుసెక్కి పొట్టు రాలుతుంది. నీడలో వాడితే ఇంకొన్నేండ్లు వస్తుంది. అది చిరిగాకే జంపఖానా సంగతి చూడొచ్చు.

జంపఖానాలో ముందు పాడయ్యేది చివరి కుచ్చులే. ముడి విప్పుకున్న రోజే నాలుగేసి పోగులు కలిపి మళ్లీ ముడేయాలి, ఆలస్యమైతే పేక జారి అంచు పోతుంది. నడుమ చిరిగితే బాగున్న ముక్కలు కోసి, అంచులు మడిచి కుట్టించి గడప ముందు వేసుకోవచ్చు.