పాత ఆయిల్ ఇంజనుకు "ఎండ వేడి కిట్" కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

"మీ పాత డీజిల్ ఇంజను తెచ్చివ్వండి, ఎండతో నడిచేలా మార్చిస్తాం, ఇక డీజిల్ బంకు మొహం చూడక్కర్లేదు" అని విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఎవరైనా చెబితే అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి. నేను 85,000 రూపాయలు ఇచ్చాను. చేలోకి చుక్క నీరు రాలేదు. పైగా అప్పటిదాకా బంగారంలా నడిచిన ఇంజను పాడైపోయింది.

మాది పెదనందిపాడు దగ్గర. రెండున్నర ఎకరాల మిరప. ఆ చేను దాకా కరెంటు లైను లేదు కాబట్టి పగలు తొమ్మిది గంటల ఉచిత కరెంటు మాకు లేనట్టే. నాన్న కొన్న 5 హార్స్ పవర్ ఆయిల్ ఇంజనుతో నల్లమడ వాగులోంచి తోడుకుంటాం. డీజిల్ లెక్క రాసుకునే పుస్తకం చూస్తే కడుపు మండేది. అలాంటి సమయంలో మా బావమరిది ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ఆటోనగర్ దాటాక ఒక రేకుల షెడ్డు. పేరు రాయడం లేదు, ఫిర్యాదు విచారణలో ఉంది.

కిట్ అంటే ఇదీ. రెండు మీటర్ల వెడల్పు గొడుగు లాంటి డిష్, దాని నిండా అద్దం ముక్కలు. వెలుగంతా ఒకచోట పడేలా ముందు ఒక పాత్ర, దానికి కలిపి పసుపు రంగు వేసిన 60 లీటర్ల డ్రమ్ము. అక్కడి నుంచి గొట్టంలో ఆవిరి ఇంజనులోకి వెళ్లాలి. ఇంజనుకున్న ఫ్యూయెల్ పంపు, నాజిల్ పీకేస్తారు, క్యామ్ అరగదీసి వాల్వులు తెరుచుకునే వేళలు మారుస్తారు.

డెమోలో షెడ్డులోని చిన్న ఇంజను మా కళ్ల ముందే గిర్రున తిరిగింది. అక్కడే బోల్తా పడ్డాం. దానికి బెల్టు లేదు, పంపు లేదు, బరువే లేదు. రెండు నిమిషాలకే "చాలు సార్, ఆయిల్ వేడెక్కుతుంది" అని ఆపేశాడు. అప్పుడు నేను తీసిన వీడియో ఇంటికొచ్చి పదిసార్లు చూశాను, సంబరంగా. డబ్బు పోయాక పదకొండోసారి చూస్తే అసలు సంగతి కనబడింది. ప్రెజర్ మీటరు ముల్లు 6 దగ్గర మొదలై చూస్తుండగానే 2కి దిగిపోయింది. అంటే డ్రమ్ములో ముందే నింపి పెట్టిన ఒత్తిడి అది. ఆవిరో, కంప్రెసర్ గాలో దేవుడికే తెలియాలి. ఎండ నుంచి వస్తుంటే ముల్లు నిలబడాలి కదా.

ఫిబ్రవరిలో బిగించి వెళ్లారు. పొద్దున పది నుంచి ఎండలో పెడితే మిట్టమధ్యాహ్నానికి ముల్లు 3 దాకా వచ్చింది. వాల్వు తిప్పితే బుస్సుమంది, ఫ్లైవీలు అర చుట్టు తిరిగి ఆగిపోయింది. నాలుగు రోజులు ఇదే తంతు. అయిదో రోజు గొట్టం ఊడి ఆవిరి ఎగదన్నింది. నాన్న అప్పుడే మంచినీళ్లకని పక్కకెళ్లారు, లేకపోతే ఏమయ్యేదో. డ్రమ్ముకు సేఫ్టీ వాల్వు కూడా లేదని తర్వాత చూశాం.

గుంటూరులో మాకు తెలిసిన మెకానిక్కు చూపిస్తే ఆయిల్ బయటికి తీసి నాకే చూపించాడు. మజ్జిగలా తెల్లగా ఉంది. ఆవిరి పిస్టన్ పక్కనుంచి దిగి నీరై ఆయిల్‌లో కలిసిపోయింది. ఆయన చెప్పిన ఇంకో మాట ముఖ్యం. డీజిల్ ఇంజను గాలి పీల్చుకునే ఇన్‌లెట్ వాల్వు సిలిండరు లోపలికి తెరుచుకుంటుంది, దాన్ని మూసి ఉంచేది స్ప్రింగు ఒక్కటే. వెనక నుంచి ఆవిరి ఒత్తితే వాల్వు తనంతట తనే లేచి కారుతుంది. పైగా చల్లటి ఇనుము తగిలి ఆవిరి నీరైతే ఆ నీరు నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చట.

ఇక లెక్క. మా అక్క కూతురు బీటెక్ మెకానికల్ చదువుతోంది. "మామయ్యా, కొనక ముందు ఒక్క ఫోన్ చేయలేకపోయావా" అని తిట్టి మరీ చెప్పింది. మంచి ఎండలో చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్లు పడతాయి. రెండు మీటర్ల డిష్ అంటే సుమారు మూడు చదరపు మీటర్లు, అంటే 3,000 వాట్లు. అద్దాల్లో, పాత్రలో సగం పోతుంది. చిన్న ఆవిరి ఇంజను మిగిలినదాంట్లో నూటికి అయిదారు వంతులు పనిగా మారిస్తే గొప్ప. చివరికి మిగిలేది 80, 90 వాట్లు, ఒక సీలింగ్ ఫ్యాను తిరిగేంత! 5 హార్స్ పవర్ అంటే 3,730 వాట్లు. అంత రావాలంటే 120 చదరపు మీటర్లకు పైగా అద్దాలు కావాలి, అంటే మూడు సెంట్ల అద్దం. అదీ పొద్దుతో పాటు తిరుగుతూ ఉండాలి. మబ్బు పడితే సున్నా, ఎందుకంటే అద్దం కూడదీయగలిగేది సూటిగా పడే ఎండనే.

షెడ్డతను చెప్పినవన్నీ అబద్ధాలు కావు, అందుకే నమ్మాం. తిరుమల ఫొటో చూపించాడు. నిజమే, 2002లో అక్కడ 106 డిష్‌లతో ఆవిరి పుట్టించి అన్నప్రసాదం వండే ఏర్పాటు చేశారు. కానీ ఆ ఆవిరి అన్నం ఉడికించడానికి, ఇంజను తిప్పడానికి కాదు. ఈజిప్టులో 1913లోనే ఎండతో పొలాలకు నీళ్లు తోడారన్నాడు. అదీ నిజమే. ఫ్రాంక్ షూమన్ అనే అమెరికన్ కైరో దగ్గర మాదీలో పెట్టాడు. అయిదు పొడవాటి అద్దాల తొట్లు, ఒక్కోటి 62 మీటర్లు, దానికోసమే కట్టిన ఆవిరి ఇంజను. మొత్తం సుమారు 1,200 చదరపు మీటర్ల అద్దంతో వచ్చింది 50 పైచిలుకు హార్స్ పవర్. మా మేనకోడలు వేసిన లెక్కకి ఇంచుమించు సరిపోయింది చూడండి. పాత డీజిల్ ఇంజనుకు గొడుగు తగిలించిన కథ కాదు అది.

ఇంకో ప్రమాదం ఎవరూ చెప్పరు. డిష్‌ను అలా వదిలేసి భోజనానికి వెళ్లాం. పొద్దు తిరిగి వెలుగు చుక్క పక్కకు జరిగింది, కల్లంలో మిరపకాయల మీద కప్పే పట్టాకు అరచేతంత బొక్క పడింది. కాయలకు అంటుకోకపోవడం మా అదృష్టం. ఇప్పుడు దాన్ని బోర్లించి ఉంచాం.

ఎవరైనా ఇలాంటిది చూపిస్తే పంపు తగిలించి గంటసేపు నీళ్లు పోయించమనండి, ముల్లు మీదే కళ్లు పెట్టండి. 25 లీటర్లు, చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ ఒత్తిడి దాటి ఆవిరి పుట్టించేది చట్టం దృష్టిలో బాయిలరే. రిజిస్ట్రేషన్ కాగితం అడగండి. నాకిచ్చిన తెల్ల చీటీలో "మెషిన్ రిపేరు" అని మాత్రమే ఉంది, జీఎస్టీ నంబరు లేదు. "కుసుమ్ సబ్సిడీ వస్తుంది" అన్నాడు. 2019లో వచ్చిన కేంద్ర పథకం పీఎం కుసుమ్‌లో డీజిల్ పంపుల బదులు ఇచ్చేవి సోలార్ ప్యానెళ్లతో నడిచే పంపులు, ఇలాంటి డిష్‌లు కావు. ఆ ప్యానెళ్లయినా 5 హార్స్ పవర్‌కు 4.8 కిలోవాట్లు చాలు.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. వినియోగదారుల కమిషన్‌లో కేసు మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, విజయవాడ తిరగక్కర్లేదు. కొన్న సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. నేను ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, చీటీ, డెమో వీడియో, తెల్లబడ్డ ఆయిల్ సీసా అన్నీ దాచాను. షెడ్డుకు ఇప్పుడు తాళం ఉంది, ఫోన్ స్విచ్ఛాఫ్. వేరే పేరుతో వేరే ఊళ్లో తెరిచే అవకాశం ఉంది కాబట్టి, పసుపు రంగు డ్రమ్ము, లోపల చతురస్రపు అద్దం ముక్కలున్న డిష్ ఎక్కడైనా కనిపిస్తే కింద ఊరు పేరు రాయండి.