మా ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీ: నాలుగు స్టార్లు

మొన్న వానల్లో రాత్రి రెండున్నరకి నాన్న కడుపునొప్పంటూ లేచాడు. కరెంటు లేదని అరుగు మీద చాప వేసుకుని పడుకున్నాడు. అజీర్తి అనుకుని వాము నీళ్లు పట్టాం. మూడింటికల్లా రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాం.

లోపల ఒక డ్యూటీ డాక్టరమ్మ, ఒక సిస్టరు, ఒక వార్డు బాయ్. అంతే. డాక్టరమ్మ టార్చి వేసి కళ్లు చూసి అడిగిన మొదటి మాట, "నేల మీద పడుకున్నారా?" ఒళ్లంతా వెతికినా కాటు లేదు. కట్లపాము కాటు చాలాసార్లు కనపడదట, నొప్పీ తెలియదట. గాజు ట్యూబులో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా పెట్టారు. గడ్డ కట్టింది, అంటే రక్తపింజర విషం లాంటిది కాదు, నరాల మీద పనిచేసేదన్నారు. దానికోసం ఆగలేదు లెండి, అప్పటికే 10 వయల్స్ యాంటీవెనమ్ సెలైన్‌లో ఎక్కుతోంది. రియాక్షన్ వస్తే వెయ్యడానికి అడ్రినలిన్ సిరంజి పక్కనే ట్రేలో ఉంది. మాకు ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

"మందు ఎక్కినా పడిపోయిన కండరాలు వెంటనే లేవవు. ఊపిరి మనమే ఇవ్వాలి" అని ముందే చెప్పారు. నాలుగున్నరకి గొంతులో గొట్టం వేశారు. వెంటిలేటర్ ఉందండీ, మూలన, దుప్పటి కప్పి! రాత్రిపూట నడిపేవాళ్లు లేరట. చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే సంచి, అంబూ బ్యాగే గతి. సిస్టరు కాసేపు నొక్కి, యాక్సిడెంట్ కేసు రావడంతో నా చేతికిచ్చింది. "ఐదు లెక్కపెట్టి ఒక నొక్కు బాబూ. గట్టిగా వద్దు, ఛాతీ లేస్తే చాలు." ఒకటి, రెండు, మూడు... వేళ్లు తిమ్మిరెక్కి ఒకసారి లెక్క తప్పాను. అటు కుట్లకి సర్దుతూనే ఆవిడ "ఐదూ!" అని అరిచింది. వెంటిలేటర్ ఉన్న 108 బండి వచ్చేసరికి ఆరున్నర.

జిల్లా ఆసుపత్రిలో ఆరు రోజులు మిషన్ మీద ఉండి నాన్న ఇంటికొచ్చాడు. ఇప్పుడు మంచం, దోమతెర, కింద టార్చి.

మనుషులకైతే ఐదు స్టార్లూ ఇస్తాను. దుప్పటి కింద మిషన్ చూశాక ఒకటి తీసేశాను. ఇంకో సంగతి, రాత్రి మెయిన్ గేటుకి తాళం ఉంటుంది. మేం అక్కడ హారన్ కొడుతూ ఐదు నిమిషాలు పోగొట్టుకున్నాం. మెడికల్ షాపు పక్క సందులోంచి వెళ్లండి, ఆ గేటు తెరిచే ఉంటుంది.