టోయో 45ఏ: టోక్యోలో కొన్నాను, ఏడేళ్లుగా కడపలో వాడుతున్నాను

2018 డిసెంబర్‌లో ఆఫీసు పని మీద నెలన్నర టోక్యో పోయినప్పుడు షింజుకులో ఒక పాత కెమెరాల షాపులో టోయో ఫీల్డ్ 45ఏ అనే ఈ మడిచే పెద్ద ఫిల్మ్ కెమెరా కొన్నాను, అప్పటినుంచి ఇప్పటిదాకా మా కడప ఎండల్లో, గండికోట గాలిలో, తాడిపత్రి గుడి దగ్గర, బైక్ వెనకాల కట్టుకుని, అన్ని రకాలుగా వాడినాను. ఆరు వందల షీట్ల పైనే తీసుంటాను, షీటు అంటే ఒక్క ఫోటోకి వాడే నాలుగు బై ఐదు (ఫోర్ బై ఫైవ్) అంగుళాల ఫిల్మ్ ముక్క. ఫోర్ బై ఫైవ్ కెమెరా బయట దేశం పోయినప్పుడు తెచ్చుకోవాలనుకునేవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే, ఏ బాడీ కొనాల అని. బాడీ గురించి అంత తల బద్దలు కొట్టుకోవద్దండి, బెల్లోస్ (లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్య ఉండే మడతల నల్ల సంచి) చూడండి, షట్టర్ చూడండి, లెన్స్ బోర్డు (లెన్స్ బిగించే పలక) సైజు చూడండి. నేను బాడీ గురించి నెల రోజులు ఆలోచించి బెల్లోస్ గురించి నిమిషం కూడా ఆలోచించలేదు, దానికి ఎంత పోయిందో కింద రాసినాను.

అసలు ఈ పిచ్చి ఎట్ల పట్టిందంటే, మా జేజినాయనకి కడపలో ఫోటో స్టూడియో ఉండేది. కేరళ అలప్పుళలో తయారైన వాగీశ్వరి చెక్క కెమెరా, తల మీద నల్లగుడ్డ కప్పుకొని తీసే రకం. స్టూడియో మూసేసినప్పుడు ఆ కెమెరా ఎవరో కొనుక్కుని పోయినారు, మాకు మిగిలింది పాత నెగటివ్‌ల పెట్టె ఒకటి. అందులో ఒక పెళ్లికూతురి నెగటివ్ ఉంది, కిటికీ వెలుతురుకి పెట్టి భూతద్దంతో చూస్తే మెడలో కాసులపేరు ఒక్కో కాసూ లెక్కపెట్టొచ్చు. ఫోన్లో జూమ్ చేస్తే పగిలిపోయే ఫోటోలు చూసి చూసి అది చూస్తే మనసు ఆగదు. ఫోర్ బై ఫైవ్ షీటు 35 ఎంఎం ఫ్రేము కంటే విస్తీర్ణంలో దాదాపు 13 రెట్లు పెద్దది, ఆ తేడా కంటికి తెలిసిపోతుంది.

షాపులో అద్దాల బీరువాలో తచిహర చెక్క కెమెరా, దాని పక్కనే ఈ టోయో. తచిహర అంటే చెర్రీ చెక్క, పసుపు మెరుపు లోహం బిగింపులు, చూస్తే పూజగదిలో పెట్టుకోవాలనిపిస్తుంది, బరువు కూడా కేజిన్నర దగ్గరే. టోయో పూర్తిగా లోహం, మడిస్తే ఒక డబ్బా మాదిరి అయిపోతుంది, రెండున్నర కేజీల పైన తూగుతుంది. మా ఊరి మే నెల ఎండలో చెక్క ఎండి బిగుసుకుంటుందేమో, పగుళ్లు వస్తాయేమో అని భయపడి టోయో తీసుకున్నాను. ఆ భయం తప్పు అని ఇప్పుడు చెప్తాను, అనంతపురంలో నా ఫ్రెండ్ ఒకడు ఐదేళ్లుగా చెక్క కెమెరా వాడుతున్నాడు, దానికి ఏమీ కాలేదు. లోహం వల్ల నాకు దొరికిన లాభం వేరే, గాలి. గండికోట అంచున సాయంత్రం గాలి వీస్తే అతని కెమెరా ముందు భాగం వణుకుతుంది, నాది కదలదు. కానీ బరువు మాత్రం నిజంగా బరువే, కెమెరా, లెన్స్, ఫిల్మ్ షీట్లు పెట్టుకునే ఆరు హోల్డర్లు, ట్రైపాడ్, గుడ్డ, నీళ్ల బాటిల్ అన్నీ కలిపితే పది కేజీలు దాటుతుంది, సిద్ధవటం కోట చుట్టూ రెండు గంటలు తిరిగితే భుజాలు పీకేస్తాయి.

లెన్స్ బోర్డు సంగతి చాలామంది కొన్నాక గాని తెలుసుకోరు. టోయోకి బోర్డు 110 మిల్లీమీటర్ల చదరం, దాని సొంత సైజు. లిన్‌హాఫ్ అనే ఇంకో కంపెనీ టెక్నికా సైజు బోర్డు దీనికంటే చిన్నది, తచిహర, విస్టా లాంటి చాలా కెమెరాలకి అదే పడుతుంది, దొరకడం కూడా సులభం. నేను మొదటి రోజే టోయోకి లిన్‌హాఫ్ బోర్డు పట్టే అడాప్టర్ కొనుండాల్సింది, రెండేళ్ల తర్వాత కొన్నాను. ఇప్పుడు లెన్సులన్నీ చిన్న బోర్డుల మీదే ఉన్నాయి, రేపు కెమెరా మార్చినా లెన్సులు మార్చే పని లేదు.

నా లెన్స్ ఫుజినాన్ డబ్ల్యూ 150 ఎంఎం, ఎఫ్ 5.6, ఈ కెమెరాల్లో షట్టర్ లెన్స్‌లోనే ఉంటుంది, దీనిది కోపాల్ జీరో షట్టర్. ఈ సైజు ఫిల్మ్‌కి 150 అంటే నార్మల్ లెన్స్, మరీ వెడల్పూ కాదు, మరీ దగ్గరా కాదు. ఇమేజ్ సర్కిల్, అంటే లెన్స్ ఫిల్మ్ మీద వేసే గుండ్రటి బొమ్మ, 220 మిల్లీమీటర్ల పైనే ఉంది, షీటు మూల నుంచి మూలకి 153 దాకా కావాలి కాబట్టి లెన్స్ పైకి కిందకి జరుపుకోడానికి చోటు బాగా మిగులుతుంది. ఇందులో పాతవి కొత్తవి రెండూ దొరుకుతాయి, లెన్స్ పేరు ముందువైపు రింగు లోపల రాసుంటే పాతది, అద్దాల మీద ఒకే పూత (సింగిల్ కోటింగ్), బయట బ్యారెల్ మీద రాసుంటే కొత్తది. నాది కొత్తది. నికాన్ వాళ్ల నిక్కోర్ 150 గానీ, ష్నైడర్, రోడెన్‌స్టాక్ 150 గానీ ఏది తీసుకున్నా బొమ్మలో తేడా పట్టుకోవడం నా వల్ల కాలేదు, షట్టర్ ఏది బాగుంటే అది తీసుకోండి. షాపులో నిలబడే చూడొచ్చు. ముందు ఒక సెకను పెట్టి నొక్కండి, పళ్లచక్రం సన్నగా గుర్రుమంటూ ఒకే వేగంతో తిరగాల, మధ్యలో ఆగి ఆగి నడిస్తే లోపల ఆయిల్ జిగురు పట్టిందని అర్థం. ఆ తర్వాత ఫోన్ స్లో మోషన్‌లో సెకనుకి 240 ఫ్రేముల వీడియో తీయండి, 1/15 సెకనుకి సుమారు 16 ఫ్రేములు తెరిచి ఉండాల. నేను అట్ల చూసే నాలుగు లెన్సులు పక్కన పెట్టి ఐదోది తీసుకున్నాను, షాపాయన విసుక్కోలేదు, ఒక్కోటి తెచ్చి ముందర పెట్టినాడు. ఈ లెన్స్ మీద ఈరోజుకీ ఒక్క కంప్లయింట్ లేదు. ఇంకో మంచి విషయం, మన రాయలసీమలో గాలి పొడి కాబట్టి లెన్సులకి బూజు అంత సులభంగా పట్టదు, వైజాగ్ స్నేహితులు ఆ బాధ పడుతుంటారు.

ఇంక బెల్లోస్.

ఇంటికొచ్చిన రోజు సాయంత్రం కెమెరా బల్ల మీద విప్పి పెట్టి జేజినాయనకి చూపించినాను. ఆయనకి అప్పటికి ఎనభై ఆరేళ్లు, చూపు సరిగా ఆనదు. లెన్స్ చూస్తాడనుకున్నాను, నల్లగుడ్డ కిందికి తల పెడతాడనుకున్నాను. ఆయన చేసిన మొదటి పని బెల్లోస్ మడతల మూలల మీద బొటనవేలు పెట్టి ఒక్కో మడతా వరసగా నొక్కుకుంటా పోవడం. నాలుగు మూలలూ అయినాక "ఈ పక్క మూలలు మెత్తబడినాయి నాయనా, వెలుతురు దిగుతాది" అన్నాడు. షాపు వాళ్లు కండిషన్ బాగుందని చీటీ అంటించినారు గదా, నేను పట్టించుకోలేదు.

మొదటి పన్నెండు షీట్లు గండికోటలో పొద్దున పదకొండు గంటల ఎండలో తీసినాను. పన్నెండింటి మీదా ఒకే చోట పొగలాంటి చార. అప్పట్లో ఒక్కో షాట్‌కి ఫిల్మ్, కెమికల్ కలిపి మూడొందలు అయ్యేది, డబ్బు పోతే పోయింది, ఆ రోజు పెన్నలో నీళ్లు ఉన్నాయి, మబ్బులు ఉన్నాయి, అట్లాంటి రోజు మళ్లీ ఎప్పుడు దొరకాల? ఆ రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, లెన్స్ తీసి, బెల్లోస్ లోపల ఫోన్ టార్చ్ పెట్టి చూస్తే ఆయన నొక్కిన మూలల్లోనే మూడు చుక్కలు, మిద్దె మీద పడుకున్నప్పుడు కనిపించే నక్షత్రాల మాదిరి. నల్ల రబ్బరు పెయింట్ పూసి రెండేళ్లు నెట్టుకొచ్చినాను, మడిచినప్పుడల్లా పెయింట్ పగిలేది, చివరికి కొలతలు ఇచ్చి బయటినుంచి కొత్త బెల్లోస్ చేయించి తెప్పించుకుంటే డ్యూటీతో కలిపి ఎనిమిది వేలు అయింది. షాపులో ఉన్నప్పుడే టార్చ్ పెట్టి చూపించమని అడిగుంటే సరిపోయేది. నల్లగుడ్డ కప్పుకొని చూడనిస్తారు, అడగడానికి మొహమాటపడొద్దు. షాపు లోపలి మెత్తటి వెలుతురులో బయటపడని చిల్లు మన ఎండకి తప్పకుండా బయటపడుతుంది.

డబ్బుల లెక్క: బాడీ 42,000 యెన్లు, లెన్స్ 24,000, పాత హోల్డర్లు ఆరు కలిపి 9,000. అప్పటి రేటుకి మన డబ్బుల్లో 47,000 చిల్లర. పాస్‌పోర్టులో టెంపరరీ విజిటర్ స్టాంపు ఉంటే అప్పట్లో షాపులోనే ట్యాక్స్ తీసేసేవాళ్లు, అది 8 శాతం ఉండేది. ఇండియాలో దిగేటప్పుడు బ్యాగేజీ ఉచిత పరిమితి అప్పట్లో 50,000, దాటినదానికి 38.5 శాతం డ్యూటీ, అందుకే బిల్లులన్నీ ఒక కవర్లో పెట్టుకుని, రెండో లెన్స్ ఆశ చంపుకుని వచ్చినాను. పరిమితులు మారుతుంటాయి, బయల్దేరే ముందు చూసుకోండి. ఫిల్మ్ మాత్రం చెక్ఇన్ లగేజీలో ఎప్పుడూ వేయొద్దు, స్కానర్ ఎక్స్‌రేకి పాడవుతుంది, చేతిలో పట్టుకుని, సీటీ స్కానర్ ఉన్న చోట చేత్తో చెక్ చేయమని బతిమాలైనా అడగండి.

వాడకం గురించి చెప్పాలంటే రెండు ఫోటోలు చెప్తాను. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి గోపురాలు సగంలో ఆగిపోయినవి, కింద నుంచి మామూలు కెమెరా పైకెత్తి తీస్తే రాళ్లన్నీ వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. ఇక్కడ కెమెరాని ఎత్తకుండా నిటారుగానే పెట్టి, ముందున్న లెన్స్‌ని మాత్రం పైకి జరిపినాను. గ్రౌండ్ గ్లాస్ (కెమెరా వెనక బొమ్మ పడే గరుకు అద్దం) మీద బొమ్మ తలకిందులుగా ఉంటుంది కాబట్టి గోపురం అద్దం కింది అంచు నుంచి మెల్లగా లోపలికి ఎక్కొస్తుంది, గీతలు గీతలుగానే నిలబడతాయి. ఆ అద్దం మీద చిలకల చెక్కడం లూప్ (చిన్న భూతద్దం) పెట్టి ఫోకస్ చేస్తుంటే పది నిమిషాలు ఎట్ల పోతాయో తెలియదు. అన్నట్టు పురావస్తు శాఖ కింద ఉన్న గుళ్లలో, కోటల్లో ట్రైపాడ్ పెట్టాలంటే ముందే పర్మిషన్ తీసుకోవాల, వాచ్‌మన్‌తో గొడవ పడి లాభం లేదు.

రెండోది గండికోట. కాలి దగ్గర ఎర్ర రాళ్ల నుంచి కింద పెన్న దాకా, అవతలి గట్టు దాకా అన్నీ పదునుగా రావాల. లెన్స్‌ని ముందుకి రవంత వంచితే, నాలుగైదు డిగ్రీలు చాలు, ఫోకస్ తలం రాళ్ల వెంబడి పడుకుంటుంది, లెన్స్ రంధ్రం మరీ చిన్నది చేయకుండా ఎఫ్ 22 కే పని అయిపోతుంది. టోయోలో ఆ వంపు బిగించే నాబ్‌లు గట్టివి, ఏడేళ్లలో జారలేదు. పైకి జరిపేది మాత్రం ఇంకొంచెం ఎక్కువ ఉండుంటే బాగుండేది అనిపిస్తుంది. దగ్గరి వస్తువులకి బెల్లోస్ 30 సెంటీమీటర్ల దాకా సాగుతుంది, 150 లెన్స్‌తో అంత సాగదీస్తే అసలు సైజు బొమ్మ వస్తుంది, ఎక్స్‌పోజర్ రెండు స్టాపులు, అంటే నాలుగు రెట్లు, పెంచాల, ఇది మర్చిపోయి మా అవ్వ ముక్కుపుడక ఫోటో నల్లగా పోగొట్టుకున్నాను.

ఎండాకాలం మాత్రం కష్టం. మధ్యాహ్నం వెలుతురు దూరని చేంజింగ్ బ్యాగులో చేతులు పెట్టి హోల్డర్లలోకి ఫిల్మ్ ఎక్కిస్తే మూడో షీటుకే చెమట, వేలిముద్ర ఫిల్మ్ మీద పడితే పోదు. అందుకే ఏప్రిల్ నుంచి జూన్ దాకా రాత్రి పదకొండు దాటినాక బాత్‌రూమ్ తలుపు సందుకి దుప్పటి కట్టి, నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణిచి ఎక్కిస్తాను. నేను వాడే హెచ్‌పీ5 ఫిల్మ్‌ని డెవలప్ చేయడానికి డీ-76 స్టాక్‌లో (నీళ్లు కలిపి పలచన చేయని కెమికల్‌లో) 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు, మా ట్యాంకు నీళ్లేమో రాత్రి కూడా 32. ఐస్ గడ్డలు పాలిథిన్ కవర్లో కట్టి బకెట్లో వేసి 22 కి దించుకుంటాను. అంతకంటే బాగా వేడైతే టైము ఐదు నిమిషాల లోపుకి పడిపోయి ఆకాశంలో మచ్చలు వస్తాయి.

జేజినాయన 2021 లో పోయినాడు. కొత్త బెల్లోస్ వచ్చింది ఆ తర్వాతే. ఇప్పుడు ఇంకా వెడల్పుగా చూపించే 90 ఎంఎం లెన్స్ ఒకటి కావాల, సిద్ధవటం కోట ద్వారం లోపలినుంచి తీయడానికి 150 సరిపోవట్లేదు. మా చిన్నమ్మ కొడుకు మార్చిలో ఒసాకా పోతున్నాడు, వాని బ్యాగులో ఇప్పటికే ఒక చిన్న టార్చ్ వేసిపెట్టినాను.