స్పార్జ్ లేకుండా, వోర్ట్‌ను తిప్పుతూ: ఇంటి బీరుకు ఒకే కెటిల్ సెటప్, ఒక సమీక్ష

ధాన్యం నుంచి మొదలుపెట్టి ఇంట్లో బీరు తయారు చేసుకునేవారు కొత్తగా ఏ సెటప్ అమర్చుకోవాలని అడిగితే, నీళ్లకు ఒకటి, మాష్‌కు ఒకటి, మరిగించడానికి ఒకటి చొప్పున మూడు పాత్రలు పెట్టుకునే పద్ధతికంటే, స్పార్జ్ లేకుండా ఒకే కెటిల్‌లో వోర్ట్‌ను పంపుతో తిప్పుతూ మాష్ చేసే పద్ధతినే నేను సిఫారసు చేస్తాను. మాల్ట్‌ను, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యాన్ని, వేడినీళ్లలో నానబెట్టి తీపి దించడం మాష్; అలా వచ్చే తీపి ద్రవం వోర్ట్; గింజల్లో మిగిలిన తీపిని మళ్లీ వేడినీళ్లతో కడగడం స్పార్జ్. అయితే ఈ సెటప్‌కు ప్రాణం హీటరు కాదు, డిజిటల్ కంట్రోలరు అసలే కాదు. ప్రవాహాన్ని అదుపులో పెట్టే ఒక చిన్న వాల్వ్, గింజల అడుగు నుంచి వోర్ట్‌ను తేలిగ్గా దిగనిచ్చే జల్లెడ పళ్లెం, ఈ రెండింటి మీదే దీని మంచి చెడ్డలన్నీ ఆధారపడి ఉంటాయి.

నేను వాడుతున్నది విడిభాగాలు కొని కూర్చుకున్న సెటప్: 15 గ్యాలన్ల, అంటే దాదాపు 57 లీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ కెటిల్, అందులో 5,500 వాట్ల హీటింగ్ ఎలిమెంటు, దానికి పైన జల్లెడ పళ్లెం, పళ్లెం మీద సన్నని నైలాన్ సంచి, కింద అయస్కాంతంతో తిరిగే పంపు, వేడిని కావలసిన చోట నిలిపే పీఐడీ కంట్రోలరు, సిలికోన్ గొట్టాలు. ఉంటున్నది డాలస్ శివార్లలో కాబట్టి పని అంతా గ్యారేజీలోనే జరుగుతుంది. అమెరికాలో 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టం తర్వాత ఒక్కరే పెద్దవారున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్ల దాకా సొంత వాడకానికి పన్ను లేకుండా బీరు తయారు చేసుకోవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం ఎక్సైజ్ చట్టాల కింద నేరం కనుక, ఈ సమీక్ష అమెరికాలో ఉంటున్న పాఠకులను ఉద్దేశించి రాస్తున్నదే.

స్పార్జ్ మానేస్తే ఏం పోతుందన్నది ముందు లెక్క వేసుకోవాలి, ఎందుకంటే ఈ పద్ధతిపై వచ్చే అభ్యంతరాలలో చాలావరకు ఈ లెక్క వేయకుండా వచ్చేవే. మామూలు పద్ధతిలో కిలో మాల్ట్‌కు మూడు లీటర్ల లోపు నీటితో మాష్ చేసి, గింజల్లో మిగిలిన తీపిని మళ్లీ వేడినీళ్లు పోసి కడుగుతారు. ఇక్కడ ఆ కడిగే నీళ్లు కూడా మొదటే పోసేస్తాము. ఐదు కిలోల మాల్ట్ తీసుకుంటే గింజలు పీల్చుకునేది సుమారు 5 లీటర్లు, గంటసేపు మరిగితే ఆవిరయ్యేది 4 లీటర్లు, అడుగున మడ్డితో పాటు వదిలేసేది ఒకటిన్నర లీటరు. చివరికి 20 లీటర్లు కావాలంటే మొదట పోయవలసినవి ముప్పై లీటర్ల పైచిలుకు. పోయేది గింజలు పట్టి ఉంచుకున్న ఆ 5 లీటర్లలోని చక్కెర మాత్రమే, అంటే కరిగినదానిలో ఆరో వంతు. మాష్ సరిగా జరిగితే మరిగించే ముందు వోర్ట్ సాంద్రత (నీళ్లది 1.000 అనుకుంటే) 1.045 దగ్గర, మరిగాక 1.053 దగ్గర నిలుస్తుంది. మాల్ట్ నుంచి రాగలిగినదానిలో ఇది దాదాపు 75 శాతం. స్పార్జ్ బాగా చేసేవారికి ఇంకాస్త ఎక్కువే రావచ్చు. ఆ తేడాను పూడ్చడానికి అర కిలో మాల్ట్ అదనంగా వేస్తే సరిపోతుంది, దాని ఖరీదు రెండు మూడు డాలర్లు. బదులుగా మిగిలేవి సుమారు గంట సమయం, ఒక పెద్ద పాత్ర, రెండో పంపు. చివర్లో తీపి దిగిపోయిన గింజలను వేడినీళ్లతో ఎక్కువగా కడిగితే పొట్టులోని వగరు దిగే ప్రమాదం ఉంటుంది. ఇందులో ఆ ప్రమాదం దాదాపు లేనట్టే.

ఇక ప్రవాహం సంగతి. పంపు పూర్తిగా తెరిస్తే నిమిషానికి దాదాపు 20 లీటర్లు తోస్తుంది, కానీ గింజల పరుపు గుండా వోర్ట్ కిందికి దిగగలిగేది అందులో చాలా కొద్ది. పైన పోసేది కిందికి దిగేదానికంటే ఎక్కువైతే గింజల కింద శూన్యం లాగినట్టై పరుపు బిగుసుకుంటుంది. బిగుసుకున్నకొద్దీ దిగడం ఇంకా తగ్గుతుంది. పళ్లెం కింద మట్టం పడిపోయి ఎలిమెంటు గాలిలో మిగులుతుంది. పైనుంచి చూసేవారికి కెటిల్ నిండుగానే కనిపిస్తుంది కాబట్టి ఈ ముప్పు కంటికి ఆనదు. అందుకే కెటిల్ పక్కన సైట్ గ్లాస్ ఉండాలని నేను గట్టిగా చెబుతాను. ఆ గాజుగొట్టం పళ్లెం కింది భాగానికి కలిసి ఉంటుంది కనుక, అందులోని మట్టం పైనున్న మట్టానికి ఎంత దిగువన ఉందో చూస్తే పరుపు ఎంత బిగుసుకుందో తెలిసిపోతుంది. ఒక అంగుళం తేడా సహజం. మూడు అంగుళాలు దాటితే వాల్వ్‌ను తగ్గించాలి, అప్పటికీ సర్దుకోకపోతే హీటరు కట్టేసి, పంపు ఆపి, గింజలను ఒకసారి అడుగు నుంచి కలపాలి.

వాల్వ్ ఎప్పుడూ పంపు నుంచి బయటికి వచ్చే వైపునే ఉండాలి. లోపలికి వెళ్లే వైపు నొక్కితే వేడి వోర్ట్‌లో బుడగలు ఏర్పడి పంపు ఊరికే తిరుగుతుంది. పంపు కెటిల్ తూముకంటే కిందనే ఉండాలి, ఎందుకంటే ఈ రకం పంపులు తమంతట తాము పీల్చుకోలేవు. గింజలు వేసిన వెంటనే పంపు వేయకుండా పది నిమిషాలు ఊరనిచ్చి, తర్వాత నిమిషానికి రెండు లీటర్లతో మొదలుపెట్టి, నెమ్మదిగా మూడు నాలుగు లీటర్లకు పెంచితే పరుపు దానంతట అదే కుదురుకుంటుంది. మొదట గొట్టం నుంచి మజ్జిగలా మసకగా వచ్చిన వోర్ట్ అరగంట గడిచేసరికి తేరుకుని, గొట్టం గోడల్లోంచి అవతలి వేలు కనిపించేంత తేటగా మారుతుంది. మరిగించే ముందు ఇంత తేటైన వోర్ట్ రావడం ఈ సెటప్ ఇచ్చే ఫలితాలలో నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చినది. తిరిగి వచ్చే గొట్టం చివర మాష్ మట్టానికి కిందనే మునిగి ఉండాలి, పైనుంచి చిమ్మకూడదు.

సంచి పెట్టాలా, స్టీలు బాస్కెట్ పెట్టాలా అన్నదానిపై నా అభిప్రాయం సంచివైపే. చుట్టూ చిల్లులున్న బాస్కెట్లలో వోర్ట్ గింజల గుండా దిగకుండా పక్కల నుంచి జారిపోతుంది. పంపు తిరుగుతూనే ఉంటుంది, వోర్ట్ తేటగానే వస్తుంది, కానీ గింజల మధ్యలో తీపి అలాగే నిలిచిపోతుంది. బాస్కెటే కావాలనుకుంటే పక్కలు మూసి, అడుగున మాత్రమే చిల్లులున్నది తీసుకోవాలి. మాల్ట్‌ను మర పట్టించడంలోనూ జాగ్రత్త అవసరం. పంపు లేని సంచి పద్ధతిలో పిండి చేసినా చెల్లుతుంది, ఇందులో చెల్లదు. రోలర్ల మధ్య ఒక మిల్లీమీటరు సందు పెట్టి, గింజ రవ్వగా విరిగి పొట్టు మాత్రం తునగకుండా ఉండేలా చూసుకోవాలి. గోధుమ మాల్ట్‌కు పొట్టు ఉండదు, ఓట్స్‌కు జిగురు ఎక్కువ. అలాంటివి ఎక్కువగా వేసే రోజున రెండు మూడు గుప్పిళ్ల వరి ఊక కడిగి కలిపితే పరుపు వదులుగా ఉంటుంది. హోమ్‌బ్రూ దుకాణాల్లో ఈ ఊకను చక్కగా ప్యాకెట్లలో అమ్ముతారు.

వేడి విషయానికి వస్తే, 5,500 వాట్లతో ముప్పై లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకు ఇరవై నిమిషాల్లో చేరుతాయి. గింజలు పడ్డాక అది 67 దగ్గర స్థిరపడుతుంది. మాష్ మధ్యలో 63 నుంచి 72కు పెంచాలంటే నాలుగైదు నిమిషాలు చాలు, అంచెలంచెలుగా వేడి పెంచే జర్మన్ తరహా లాగర్ బీర్లకు ఇది ఎంతో అనుకూలం. దీనికి 240 వోల్టుల, 30 ఆంపియర్ల లైను, అంటే బట్టల డ్రయ్యరుకు ఇచ్చే లాంటిది కావాలి. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే జీఎఫ్‌సీఐ బ్రేకరు లేకుండా నీళ్లు, కరెంటు కలిసిన ఈ పని మొదలుపెట్టనే కూడదు, దాన్ని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతనే వేయించాలి. అంత లైను లేని అపార్ట్‌మెంటు వాసులకు ఒకే ముక్కగా వచ్చే యంత్రాలున్నాయి. ఉదాహరణకు ఆన్విల్ ఫౌండ్రీ పదిన్నర గ్యాలన్ల మోడల్ 120 వోల్టులపై 1,600 వాట్లు, 240 వోల్టులపై 2,800 వాట్లు తీసుకుంటుంది. మొదటి దాంట్లో అదే నీళ్లు వేడెక్కడానికి గంట దాటుతుంది, కానీ స్థలం తక్కువ పడుతుంది. నా సెటప్‌లో కంట్రోలరు సెన్సరును పంపు బయటి వైపు పెట్టాను. అక్కడ 67 చూపుతున్నా గింజల పై పొరలో ఒకటి రెండు డిగ్రీలు తక్కువే ఉంటుంది కనుక, కెటిల్‌కు చుట్టూ ఇన్సులేషన్ చుట్టడం, మాష్ సగంలో ఒకసారి కలపడం మంచిది.

నీటి గురించి ఒక్క మాట కాదు, గట్టిగానే చెప్పాలి. మొత్తం నీళ్లు ఒకేసారి గింజల మీద పడతాయి కాబట్టి ఆ నీళ్లలోని క్షారత్వమంతా మాష్ మీదే పడుతుంది. లేతరంగు మాల్ట్‌తో చేసే బీర్లలో పీహెచ్ సులభంగా 5.6 దాటిపోతుంది, కొద్దికొద్దిగా లాక్టిక్ ఆమ్లం కలుపుతూ, నమూనాను చల్లార్చి కొలుస్తూ, 5.2 నుంచి 5.5 మధ్యకు తెచ్చుకోవాలి. మూడు పాత్రల సెటప్ నుంచి దీనికి మారేవారు పాత కొలతలే వాడితే బీరు మొద్దుగా, రుచిలో పదును లేకుండా వస్తుంది. డాలస్ ప్రాంతపు కుళాయి నీళ్లలో శుద్ధి కోసం కలిపే క్లోరమిన్ ఉంటుంది, మరిగించినా అది త్వరగా పోదు. 20 గ్యాలన్లకు ఒక క్యాంప్‌డెన్ బిళ్ల (సల్ఫైట్ బిళ్ల) చొప్పున పొడిచేసి కలిపితే ఆ క్లోరమిన్ నిమిషాల్లో విరిగిపోతుంది.

మాష్ అయ్యాక తడిసిన సంచి బరువు పది కిలోలకు పైనే ఉంటుంది, దాన్ని చేతులతో పట్టుకుని నిలబడటం ప్రమాదం. గ్యారేజీ కప్పుకు కప్పీ బిగించుకుంటే పిప్పిలోని వోర్ట్ పావుగంటలో దానంతట అదే కారిపోతుంది. చల్లార్చడంలో వచ్చే చిక్కు ఈ సెటప్ తప్పు కాదు కానీ, టెక్సాస్ వేసవిలో కుళాయి నీళ్లే 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు, లోపల ఆ నీళ్లు పారే రాగి గొట్టపు చుట్టతో ఈస్టుకు కావలసిన చల్లదనం రాదు. చివర్లో మంచునీళ్లు తిప్పక తప్పదు. శుభ్రం చేయడం తేలిక: గోరువెచ్చని నీళ్లలో క్లీనింగ్ పొడి వేసి అదే పంపుతో తిప్పితే కెటిల్, గొట్టాలు, ఎలిమెంటు కలిపి శుభ్రపడతాయి.

బలమైన స్టౌట్లు, బార్లీవైన్లు వంటి గాఢమైన బీర్లు ఎక్కువగా చేసేవారికి మాత్రం ఈ పద్ధతి నిరుత్సాహపరుస్తుంది. ఎనిమిది కిలోల మాల్ట్ వేస్తే గింజలు పట్టుకునే వాటా నాలుగో వంతుకు చేరుతుంది, రాబడి 70 శాతం దగ్గరికి, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది, పైగా పరుపు లోతు పెరిగి ప్రవాహం మందగిస్తుంది. అలాంటి రోజున 20 లీటర్లకు బదులు 12 లీటర్లే చేయడం, లేదా మరిగేటప్పుడు కొంత మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మాల్ట్ తీపిని చిక్కబరిచినది) కలపడం మేలు. సాంద్రత 1.060 లోపు ఉండే పేల్ ఏల్, పిల్స్‌నర్, గోధుమ బీర్లకైతే కొత్తవారు ముందు డబ్బు పెట్టవలసినది మంచి వాల్వ్, సైట్ గ్లాస్, జల్లెడ పళ్లెం, పీహెచ్ మీటరు మీద. కంట్రోలరు ఎంత సాదాదైనా పని జరిగిపోతుంది.