బ్యాంకు కౌంటరా, గోదామా, కో-ఆప్ ఉన్న పీజీయా? కెనడాలో ఏది మేలు?

గుంటూరులో బీకాం పూర్తిచేసిన మా పిన్ని కూతురికి టొరంటో పక్కన ఒక కాలేజీలో ఫైనాన్స్ డిప్లొమా సీటు వచ్చింది. పోయిన వారం ఫోన్ చేసి, "అక్కా, నీలాగే చదువుకుంటూ బ్యాంకు కౌంటర్లో చేరనా, గోదాములో రాత్రి పని చూసుకోనా? స్నేహితులేమో డిప్లొమా వదిలేసి కో-ఆప్ ఉన్న పీజీకి వెళ్లమంటున్నారు" అని అడిగింది. పీజీ అంటే ఇక్కడ యూనివర్సిటీ మాస్టర్స్ డిగ్రీ; కో-ఆప్ అంటే చదువులో భాగంగా ఆఫీసులో పనిచేయడం. 2018లో నేను వచ్చినప్పుడు ఇలా అడగడానికి ఎవరూ లేరు. ఈ మూడింట్లో రెండు చేసి చూసి తెలుసుకున్నాను.

గోదాము సంగతి త్వరగా తేల్చేయవచ్చు. టొరంటో ఉన్న అంటారియో రాష్ట్రంలో కనీస వేతనం 2025 అక్టోబరు నుంచి గంటకు 17.60 డాలర్లు. రాత్రి షిఫ్టుకు దానిమీద కొంత ఎక్కువ ఇస్తారు. బ్యాంకు కౌంటర్లోనూ కనీస వేతనం మీద కొన్ని డాలర్లు ఎక్కువే వస్తాయి. తరగతులు జరిగే రోజుల్లో విదేశీ విద్యార్థి బయట చేయగలిగేది వారానికి 24 గంటలే. నా రోజుల్లో అది 20. 2024 నవంబరులో పెంచారు. ఆ 24 గంటల్లో గోదాముకూ కౌంటరుకూ మధ్య వచ్చే డబ్బు తేడా ఎంత? అంతకంటే నిద్రలో వచ్చే తేడా పెద్దది. నేను ఒక సెమిస్టరు గోదాములో చేశాను. తెల్లవారుజామున బస్సులో కునుకు పట్టి, దిగాల్సిన చోటు దాటిపోయి, చివరి స్టాపులో డ్రైవరు లేపితే దిగిన రోజులున్నాయి. ఆ సెమిస్టరు మార్కులు ఇప్పటికీ ఎవరికీ చూపించను.

కౌంటరు వేరే లోకం. పని చేయాలంటే ప్రభుత్వం ఇచ్చే సిన్ నంబరు ఉండాలి. అది తొమ్మిదితో మొదలైతే, అంటే తాత్కాలికంగా ఉండేవాళ్లదైతే, చూసి వెనకాడే మేనేజర్లు ఉంటారు. నాకు నాలుగో బ్రాంచిలో గానీ దొరకలేదు. చేరిన మూడో వారం, శుక్రవారం సాయంత్రం నా డ్రాయరు లెక్క 25 డాలర్లు తక్కువ వచ్చింది. సూపర్‌వైజరు, నేను మూడుసార్లు ఎంచాం. అదే తేడా. రాత్రి ఇంటికొచ్చి నాన్నకు ఫోన్ చేశాను. ఆయన ముప్పై ఏళ్లు ఆంధ్రా బ్యాంకులో క్యాషియరు. 2020లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా ఆయన నోట ఇప్పటికీ ఆంధ్రా బ్యాంకే. విషయం విని, "మీ దగ్గర 25 నోటు ఉందా?" అన్నారు. లేదన్నాను. "అయితే నోటు జారలేదు తల్లీ. నాణేలు చూడు."

అప్పుడు వెలిగింది. ఒక డాలరు నాణెం లూనీ, రెండు డాలర్లది టూనీ. రెండూ రోల్‌కు, అంటే కాగితంలో చుట్టిన కట్టకు, 25 చొప్పునే వస్తాయి. లూనీ రోల్ 25 డాలర్లు, టూనీ రోల్ 50. మధ్యాహ్నం లాండ్రీ షాపు ఆయనకు లూనీల బదులు ఒక టూనీ రోల్ ఇచ్చేశాను. మర్నాడు ఆయనే తెచ్చిచ్చాడు. కెనడా మొహం కూడా చూడని మనిషి పదమూడు వేల కిలోమీటర్ల అవతల నుంచి పట్టుకున్న తప్పు అది.

డిప్లొమాలో రెండేళ్లు చదివినా రాని సంగతులు కౌంటర్లో పట్టుబడతాయి. వణుకుతున్న చేతులతో ఒక పెద్దావిడ ఐదు వేలు నగదు అడిగితే, ఎందుకమ్మా అని మెల్లగా అడగాలి. మనవడు జైల్లో ఉన్నాడని ఎవరో ఫోన్ చేశారంటుంది. పక్కకు కూర్చోబెట్టి, అసలు మనవడికి ఫోన్ చేయిస్తే, వాడు కాలేజీ క్యాంటీన్లో ఉంటాడు. ఇలాంటి పనితోనే నా ఇంగ్లీషు కుదుటపడింది, జంకు పోయింది. రెండో ఏడు వేసవి సెలవుల్లో మ్యూచువల్ ఫండ్ల లైసెన్సు పరీక్ష రాశాను. 100 ప్రశ్నలు, 60 శాతం వస్తే పాసు. పాసయ్యాక ఫీజు బ్యాంకు తిరిగి ఇచ్చింది. చదువు అయిన వెంటనే అదే బ్రాంచిలో అడ్వైజరు కుర్చీ దొరికింది.

ఇంతవరకూ చదివి మా చెల్లి కౌంటరే మేలని అనుకుంటుంది. అక్కడే ఆగమంటాను.

కౌంటరు పని శాశ్వత నివాసానికి సాధారణంగా పనికిరాదు. వలస విభాగం ఉద్యోగాలను అంచెలుగా వేస్తుంది; కౌంటరు ఉద్యోగం నాలుగో అంచెలో ఉంది. ఇక్కడ చేసిన పని అనుభవం మీద శాశ్వత నివాసం ఇచ్చే కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాసుకు సున్నా నుంచి మూడో అంచె వరకే లెక్క. పైగా పూర్తికాల విద్యార్థిగా ఉండగా చేసిన పని ఏదైనా ఆ లెక్కలోకి రాదు. అడ్వైజరు ఉద్యోగం ఆ లెక్కలోకి వస్తుంది కాబట్టి నేను గట్టెక్కాను. అందులో ఏడాది పనిచేయగలిగానంటే చదువు తర్వాత వచ్చే వర్క్ పర్మిట్ ఉండబట్టే.

మా చెల్లికి ఆ పర్మిటే అనుమానం. 2024 నవంబరు 1 తర్వాత స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసినవాళ్ల కాలేజీ డిప్లొమా, వైద్యం, సాంకేతిక రంగాలు, వృత్తిపనుల వంటి ఎంపికచేసిన కోర్సుల జాబితాలో ఉంటేనే ఆ పర్మిట్ ఇస్తారు. ఫైనాన్స్, బిజినెస్ డిప్లొమాలకు సాధారణంగా అందులో చోటు లేదు. డిగ్రీకీ పీజీకీ ఈ అడ్డు లేదు. పీజీ ఎనిమిది నెలలదైనా చాలు, మూడేళ్ల పర్మిట్ రావచ్చు. నేను నడిచిన దారి ఆమె వచ్చేసరికి మూసేశారు. ఈ సంగతి ఏజెంటు ఆమెకు చెప్పలేదట. ఎందుకు చెబుతాడు?

అందుకే స్నేహితుల మాటే సరైనది. కో-ఆప్ సాధారణంగా నాలుగు నెలలు ఉంటుంది. టొరంటోలో కింగ్, బే వీధుల కూడలిలోని బ్యాంకు టవర్లలోకి బ్రాంచి వెనక గుమ్మం నుంచి కాకుండా నేరుగా అడుగుపెట్టవచ్చు. ఆర్‌బీసీ (రాయల్ బ్యాంక్ ఆఫ్ కెనడా) అధిపతి డేవ్ మెకే కూడా వాటర్‌లూ యూనివర్సిటీలో చదువుతూ అదే బ్యాంకులో కో-ఆప్ చేసినవాడే. అయితే కో-ఆప్ అందరికీ దొరకదు. సీటుతో పాటు వచ్చేది దరఖాస్తు పెట్టుకునే హక్కు మాత్రమే. ఇంటర్వ్యూలో "కస్టమరుతో ఎప్పుడైనా ఇబ్బంది వచ్చిందా?" అని అడిగితే, కౌంటర్లో నిలబడ్డ అమ్మాయికి చెప్పడానికి కథ ఉంటుంది.

సాయంత్రం క్లాసులు, పగలు పూర్తికాల ఉద్యోగం అనే నాలుగో దారి కూడా ఉంది. నేను ఇప్పుడు చేస్తున్నది అదే. కానీ అది శాశ్వత నివాసం వచ్చాక మాట. స్టడీ పర్మిట్ మీద ఉన్నవాళ్లు బయట పని చేయాలంటే పూర్తికాలం చదవాల్సిందే.

మా చెల్లికి చెప్పింది ఇది: డిప్లొమా సీటు వదిలేయి. పీజీకి దరఖాస్తు పెట్టు, ఏడాది ఆలస్యమైనా సరే. మొదటి సెమిస్టరు ఏ పనీ వద్దు, రెండో సెమిస్టరు నుంచి కౌంటరు. పీజీ ఫీజుకు పొలం అమ్మాల్సి వస్తే మాత్రం రావద్దు. నంద్యాలలో కోచింగ్ తీసుకుని బ్యాంకు పరీక్ష రాయి. ఇది విని అలిగింది.

పిన్ని బాధ వేరు. "క్యాషియరు పనికి అంత దూరం పంపాలా?" అంటోంది. ఆ ప్రశ్నకు జవాబు నాన్న చెబుతానన్నారు, ఈ ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్తున్నారు.