లూట్ ముందా, బరోక్ గిటార్ ముందా: ఏది మేలు?

క్లాసికల్ గిటార్ నేర్చుకుని యూరప్ ప్రాచీన సంగీతాన్ని వృత్తిగా ఎంచుకునేవారికి ఒకేసారి అన్ని వాద్యాలూ కొనే స్తోమత ఉండదు. ముందుగా ఏది: సగం కోసిన బేరిపండులా ఉబ్బిన వీపుండే తీగవాద్యం లూటా, పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల (బరోక్ కాలపు) గిటారా? నా ఓటు బరోక్ గిటార్‌కే. అందరికీ ఇది రుచించకపోవచ్చు.

దానికి ఐదు జంట తీగలు. వాటి మధ్య స్వరాంతరాలు నేటి గిటార్ పై ఐదు తీగలవే కాబట్టి ఎడమచేతి అలవాటు వృథా కాదు. చిక్కంతా కింది జంటలతోనే: వాటికి లావు మంద్ర తీగలు కట్టాలా, పై స్థాయిలో పలికే సన్నతీగలా? 1674లో స్పెయిన్‌లోని సరగోసాలో వెలువడిన బోధనా గ్రంథంలో గిటార్ విద్వాంసుడు గాస్పర్ సాంజ్ దీన్నే చర్చించాడు: జోరుగా తీగలన్నీ మీటే వాయింపుకు మంద్ర తీగలు మేలు, సున్నితమైన వాయింపుకు సన్నతీగలే మేలు. పాటకో నృత్యానికో పక్కవాద్యంగా ఈ గిటార్ త్వరగా పనికొస్తుంది.

లూట్ సంగతి వేరు. పదమూడు వరుసల (ఒంటి తీగ గానీ జంట తీగలు గానీ ఒక వరుస) బరోక్ లూట్‌కు ఇరవై నాలుగు తీగలు. పై ఆరు వరుసల శ్రుతి డి మైనర్ మేళనం (కార్డ్). గిటార్ మీద వేళ్లు నేర్చిన దారులు అక్కడ పనికిరావు. లూట్ విద్వాంసుడు ఎనభై ఏళ్లు బతికితే అరవై ఏళ్లు శ్రుతి చేయడానికే సరిపోతాయని జర్మన్ సంగీత రచయిత మాటెసన్ 1713లో వేళాకోళం చేశాడు. అందులో అతిశయోక్తి ఉన్నా, తీగలు లెక్కపెట్టినవారు నవ్వి ఊరుకోలేరు. అయినా ఏకవాద్య సంగీతంలో లూట్ సంపద ముందు గిటార్ చిన్నబోతుంది. ఇంగ్లండ్‌కు చెందిన డౌలాండ్, జర్మనీకి చెందిన వైస్ అనే ఇద్దరు లూట్ స్వరకర్తల రచనలతోనే ఒక జీవితకాలం గడిచిపోతుంది.

సంపద వేరు, ఉపాధి వేరు. ఏకవాద్య కచేరీలతోనే బతకడం కష్టం. ఒపెరాలు, గాయకులు, చిన్న బృందాలు పిలిచేది పక్కవాద్యానికి. కింది స్వరమూ కొన్ని అంకెలూ చూసి మేళనాలను అప్పటికప్పుడు అల్లగలగాలి. ఆ పనికి లూట్ కుటుంబానికే చెందిన, పొడవాటి మెడ గల తియోర్బో రాజు. మనిషంత ఎత్తుండే ఆ వాద్యంతో విమానమెక్కడం మరో కథ.

నాటి విద్వాంసులూ ఒక్కదానికే కట్టుబడలేదు. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ఆస్థానంలోని రొబేర్ ద విజే 1682లో, 1686లో గిటార్ పుస్తకాలు అచ్చు వేయించాడు, తియోర్బో కూడా వాయించాడు. లూట్‌కు మారుపేరైన వైస్ సైతం, ఒపెరా పక్కవాద్యం కోసం తియోర్బో అంత పెద్ద వాద్యాన్ని లూట్ శ్రుతికి దగ్గరగా అమర్చుకున్నానని 1723లో మాటెసన్‌కు రాశాడు.

అందుకే ముందు గిటార్, సంపాదన మొదలయ్యాక తియోర్బో, ఆ తర్వాత బరోక్ లూట్. మనసు లూట్ మీదే ఉంటే బరోక్‌కు ముందు కాలపు, ఆరు వరుసల రినైసాన్స్ లూట్‌తో మొదలుపెట్టవచ్చు. గిటార్ మూడో తీగను అర స్వరం దించితే వచ్చే అంతరాలే దానివి. మామూలుగా లూట్‌ను వేలికొసల కండతోనే మీటుతారు కాబట్టి, గోళ్లతో మీటే క్లాసికల్ గిటార్ కచేరీలు ఇంకా చేస్తున్నవారు గోళ్లు ఉంచాలా తీసేయాలా అన్న సంగతి మాత్రం ముందే తేల్చుకోవాలి.