తొమ్మిదేళ్లుగా వాడుతున్న ఇ1 మక్స్: పేచీ అంతా క్లాక్ దగ్గరే

కంపెనీ పేరు ఎందుకులెండి. రెండు ఇ1 పోర్టులు (సెకనుకు 2 మెగాబిట్ల టెలికాం లైను కోసం), నాలుగు వి.35 పోర్టులు (డేటా పరికరాల కోసం), కొన్ని వాయిస్ కార్డులు ఉన్న మామూలు మక్స్, అంటే ఫోన్లనూ డేటానూ కలిపి ఒకే లైను మీద అవతలి చివరనున్న ఇంకో మక్స్‌కు పంపే పెట్టె. తొమ్మిదేళ్లలో ఒక పవర్ సప్లై, రెండు ఫ్యాన్లు మార్చాను, అంతే. హార్డ్‌వేర్‌కు వంక పెట్టడానికేం లేదు. నన్ను ఏడిపించిందల్లా మెనూలో ఒకే ఒక్క లైను, క్లాక్ సోర్స్, అంటే బిట్లు ఏ వేగంతో పంపాలో చెప్పే క్లాక్‌ను ఎక్కణ్నుంచి తీసుకోవాలన్న సెట్టింగ్.

అందులో మూడు ఆప్షన్లు. ఇంటర్నల్ అంటే బాక్సులోని సొంత క్వార్ట్జ్ క్రిస్టలే దిక్కు. లైన్ అంటే అవతలి నుంచి వచ్చే ఇ1 సిగ్నల్లోంచే క్లాక్ తీసుకుని, పంపేటప్పుడూ అదే వాడుతుంది. ఎక్స్‌టర్నల్ అంటే వెనకున్న 2.048 మెగాహెర్ట్జ్ ఇన్‌పుట్, మంచి మాస్టర్ క్లాక్ అందుబాటులో ఉంటే తప్ప దాని జోలికి వెళ్లక్కర్లేదు.

కొత్తలో రెండు చివరలా ఇంటర్నల్ పెట్టేశాను. పచ్చ లైటు వెలిగింది, ఫోన్లు మోగాయి, ఇంకేం కావాలి అనుకున్నా. రెండు రోజులకే ఫ్యాక్సులు సగంలో తెగిపోతున్నాయని గొడవ, వచ్చిన పేజీల్లోనూ ఒక వరుసలో అక్షరాల పైసగం ఉంటే కిందిసగం లేదు. కేబుల్ మార్చా, కనెక్టర్లు మళ్లీ క్రింప్ చేశా, చివరికి స్టాటిస్టిక్స్ స్క్రీన్ ముందు వాచీ చూసుకుంటూ కూర్చుంటే తెలిసింది: సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో బిట్లు చెడితే పెరిగేవి) సున్నా, స్లిప్ కౌంటర్ (క్లాక్‌లు కలవక ఒక కట్ట బిట్లు పోయినా, రెండోసారి వచ్చినా పెరిగేది) మాత్రం పన్నెండు పదమూడు సెకన్లకోసారి ఒకటి పెరుగుతోంది. అంటే తప్పు తీగది కాదు, క్లాక్‌ది. ఆ కట్ట, అంటే ఒక ఫ్రేమ్, 125 మైక్రోసెకన్లు, దాన్ని 12.5 సెకన్లతో భాగిస్తే రెండు క్రిస్టళ్ల మధ్య తేడా మిలియన్‌కు 10 పాళ్లు. ఇ1కి ఒప్పుకునే హద్దు అటూఇటూ 50 కాబట్టి రెండు బాక్సులూ నిక్షేపంగా ఉన్నట్టే లెక్క! వచ్చే బిట్లను కాసేపు దాచే బఫర్ నిండితే ఒక ఫ్రేమ్ పారేస్తుంది, ఖాళీ అయితే పాతదే మళ్లీ చదువుతుంది. మాటల్లో అది చిన్న టిక్కు, ఎవరూ పట్టించుకోరు. ఫ్యాక్స్‌కు మాత్రం ప్రాణాంతకం.

సరే అని రెండు వైపులా లైన్ పెట్టా. అదింకా ఘోరం. వాడు నన్ను చూసి, నేను వాణ్ణి చూసి నడవడమే, దారి తెలిసినవాడు ఒక్కడూ లేడు, ఫ్రీక్వెన్సీ మెల్లగా ఒక పక్కకు జరిగి జరిగి చివరికి లింకే పడిపోయింది. ఒక చివర ఇంటర్నల్, రెండో చివర లైన్ పెట్టాక కౌంటర్ ఆగింది. తర్వాత ప్రొవైడర్ నెట్‌వర్క్ మీదికి మారాం, అప్పుడు క్లాక్ ఇచ్చేది మధ్యలోని నెట్‌వర్కే కాబట్టి రెండు చివరలా లైనే.

వి.35 కేబుల్ పొడవైతే 2 మెగాబిట్ల దగ్గర ఎర్రర్లొస్తాయి, ట్రాన్స్‌మిట్ క్లాక్ ఇన్వర్ట్ (పంపే క్లాక్‌ను తిరగేసే సెట్టింగ్) ఆన్ చేస్తే నాకైతే పోయాయి.

ఇప్పటికీ మింగుడుపడనిది ఫాల్‌బ్యాక్. లైన్ పోతే పాత ఫ్రీక్వెన్సీని కాసేపైనా పట్టుకోదు, చెప్పాపెట్టకుండా ఇంటర్నల్‌కు దూకుతుంది. లైన్ తిరిగొచ్చినా అక్కడే కూర్చుంటుంది, అలారం లేదు. వెనక్కి మారే సెట్టింగ్ ఉంది గానీ ఫ్యాక్టరీ నుంచే ఆఫ్‌లో వస్తుంది. నాకది తెలిసేసరికి మూడు వారాల స్లిప్పులు పోగయ్యాయి.

పంపింది తిరిగి తనకే వచ్చేలా లూప్ ప్లగ్ పెట్టి టెస్ట్ చేసేటప్పుడు ఇంటర్నల్‌కు మార్చాలి, లేకపోతే తన క్లాక్‌నే తను వెంబడిస్తుంది. అయ్యాక మళ్లీ లైన్‌కు తేవాలి. ఆ రెండో పని రెండుసార్లు మర్చిపోయి, ఇప్పుడు ర్యాక్ తలుపుకు చీటీ అంటించా.